దానప్ప గోడ మీది చంద్రుడు

దానప్ప ఈ రోజు రాలేదు కాబట్టి చెప్తున్నాను. ఆయన ఉంటే చచ్చినా చెప్పను. మీరూ ఆయన దగ్గర నోరు జారొద్దు. ముందు ఆ మాట ఇవ్వండి, తర్వాతే మిగతాది.

నాకు అన్నం పెట్టే కెమెరా మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్లిపోతాను, నా సంగతి తెలుసుగా.

కంప్లిలో స్టూడియో పెట్టుకొని పదహారేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న మారెప్పకు దయ్యం భయమేంటని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకునేవాణ్ణి. తెల్లవారుజాము ముహూర్తాలకు ఒంటరిగా బండి మీద ఎన్ని ఊళ్లు దాటానో, ఎన్ని శ్మశానాల పక్కన ఆగి బీడీ కాల్చానో లెక్కలేదు. ఏనాడూ వెనక్కి తిరిగి చూసినవాణ్ణి కాదు.

దానప్పది దోణిమలై. గనిలో డంపరు నడిపేవాడు. అసలు పేరు దానియేలు, మనవాళ్ల నోట్లో దానప్ప అయింది. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు, మధ్యాహ్నం నుంచి మెడలో కెమెరా. పిట్టల వెంట సండూరు కొండలన్నీ తిరుగుతాడు. టౌన్‌షిప్పులో వాలీబాల్ పోటీలుంటే కోర్టు గీత పక్కన కెమెరాతో కూర్చుంటాడు. రాత్రయితే చుక్కలు. ఆయన దగ్గర ఆరువందల ఎంఎం లెన్సు ఒకటుంది... చంటిపిల్లను మోసినట్టు తువ్వాలులో చుట్టుకొని మోస్తాడు. బొమ్మలు ప్రింటు వేయించుకోవడానికి నా స్టూడియోకు వచ్చి వచ్చి స్నేహితుడయ్యాడు. ఆ లెన్సు పట్టడం నాకు నేర్పింది ఆయనే.

ఆ లెన్సు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అవి తెలియకపోతే నేను ఎందుకు వణికానో మీకు అర్థం కాదు.

ఒకటి. అది దూరపు చూపుది. చత్వారం వచ్చినవాళ్లకు చేతిలో సూది కనపడదే, అట్లా నాలుగున్నర మీటర్లకంటె దగ్గరున్నదేదీ దానికి సరిగ్గా కనపడదు. రింగు తిప్పుతూ పోతే ఒకచోట టక్కుమని ఆగుతుంది. అంతే, ఇక అంతకన్నా దగ్గరికి రాదు.

రెండోది. పెళ్లి ఫొటోల్లో పెళ్లికూతురి వెనక సీరియల్ బల్బులు మసకగా, గుండ్రంగా, పెద్దగా పడతాయి చూడండి. చిన్న దీపమే. ఫోకస్‌లో లేకపోతే అట్లా ఉబ్బుతుంది. ఎంత ఫోకస్ తప్పితే అంత పెద్ద గుండ్రం. రింగు సరిగ్గా తిప్పితే మళ్లీ చుక్కవుతుంది.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

పోయిన ఎండాకాలం దానప్ప స్టూడియోకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరు. మనిషి దిగులుగా ఉన్నాడు.

"ఇన్నేండ్లు అందరి బొమ్మలూ తీసినా మారెప్పా. నా లెన్సులో నా బొమ్మే ఒకటి లేదప్పా," అన్నాడు.

ఏం బొమ్మ కావాలంటే, చంద్రుడిలో కూర్చోవాలన్నాడు. మీరూ ఫోన్లలో చూసే ఉంటారు. ఇంత పెద్ద చంద్రుడు, దాని మధ్యలో నల్లగా మనిషి. మనిషి దూరంగా ఉండాలి, లెన్సు పొడుగ్గా ఉండాలి, అంతే కిటుకు. చోటు కూడా ఆయనే చూసుకొచ్చాడు. కెంచనగుడ్డ దాటాక ఏరు ఒకచోట వంపు తిరిగి తూర్పుకు పోతుంది. వంపు దగ్గర నేను. రెండువందల మీటర్ల దిగువన, ఒడ్డు నుంచి ముప్పై అడుగులు లోపలికి ఒక చదును రాయి. దాని మీద ఆయన. దాని వెనక నుంచి చంద్రుడు. ఆ రాయి మీదికి చేపలు తినే నీరుకుక్కలు కూడా ఎక్కుతాయట.

"మనిషి, చంద్రుడు, నీరుకుక్క... మూడూ ఒక్క ఫ్రేములో పడల్ల. అందుకే అరిచేది వద్దు. సుమ్నే కూచోవల్ల," అన్నాడు.

ఆశకు అంతుందా? కానీ నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.

నాకు ఒకే ఒక్క అనుమానం. ఆయనకు సుగర్. పిక్కల నుంచి కింద స్పర్శ లేదు. ఒకసారి మా వీధిలో చెప్పు జారిపోతే తెలియక ఒంటి చెప్పుతో స్టూడియో దాకా నడిచొచ్చాడు. అట్లాంటి మనిషిని ఏట్లో ఎట్లా కూర్చోబెట్టేది?

"నీళ్లు యాడుండాయప్పా? మోకాలు కూడా తడవదు," అన్నాడు.

నిజమే. ఎండాకాలం ఏరు. రాళ్ల మధ్య పాయలు పాయలుగా గలగలమంటోంది.

పున్నమి పోయిన మూడో నాడు వెళ్లాం. చంద్రోదయం తొమ్మిదీ పదికని ఫోను చెప్పింది. పొద్దుగూకగానే ఒడ్డున కూర్చొని సైగలు అనుకున్నాం. ఇద్దరికీ చెరో ఎర్ర టార్చి, ఎరుపైతే చీకటికి అలవాటైన కన్ను చెదరదు. నేను ఒకసారి వెలిగిస్తే "బాగున్నావా" అని. ఆయన ఒకసారి వెలిగిస్తే "బాగున్నా". నేను మూడుసార్లు వెలిగిస్తే "వచ్చెయ్". దానికి ఆయన రెండుసార్లు వెలిగిస్తే "ఇంకొంచెం సేపు". ఈ చివరిది ఆయనే పెట్టించాడు. పిలవగానే లేచి వచ్చే మనిషి కాదు కదా.

ఈ మాటలు మేమిద్దరమే అనుకున్నాం. మెల్లగా అనుకున్నాం. చుట్టూ ఒక్క పురుగు లేదు. వరి కోసేసిన మళ్లు, అంతే.

తడుస్తుందని ఆయన ఫోను నా సంచిలో పడేసి ఒడ్డెంబడి నడిచి వెళ్లాడు. ఆ సంచిని, గాలికి ఊగకుండా బరువు కోసం, కెమెరా స్టాండు కింద వేలాడదీశాను. జిప్పు వేశాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

చీకటి పడింది. తూర్పున దుమ్ము. చుక్కలు కూడా పలచగా ఉన్నాయి.

ఎనిమిదికి ఒకసారి వెలిగించాను. కాసేపు ఏమీ లేదు... తర్వాత రాయి దిక్కున ఒక ఎర్ర చుక్క. ఒకసారి. బాగున్నా.

ఎనిమిదిన్నరకు మళ్లీ. మళ్లీ ఒకసారి. నేను హాయిగా బీడీ వెలిగించుకున్నాను.

తర్వాత ఏదో తేడాగా అనిపించింది. ఏంటో తెలియలేదు. దోమల చప్పుడు వినిపిస్తోంది. చేతి గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఇంతసేపూ వినపడనివి ఇప్పుడెందుకు వినపడుతున్నాయని ఆలోచించాను... ఏరు గలగల ఆగిపోయింది. పూర్తిగా. నీళ్లు అక్కడే ఉన్నాయి, చప్పుడు లేదు.

నా కాలికి చల్లగా తగిలింది. నా చెప్పులు రెండడుగుల అవతల విడిచాను. ఒకటి తేలుతూ వచ్చి మడమకు తగిలింది.

అప్పుడు అర్థమైంది. రాళ్లు మునిగాయి, అందుకే చప్పుడు లేదు. పైన ఎక్కడ వాన పడిందో ఏమో, ఏరు పెరుగుతోంది. మెల్లగా, దొంగలా పెరుగుతోంది. అక్కడ దానప్ప కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. ఆ కాళ్లకు తెలియదు.

మూడుసార్లు వెలిగించాను.

జవాబు... రెండుసార్లు. ఇంకొంచెం సేపు.

"ముసలోడు వినడు," అని తిట్టుకున్నాను. మళ్లీ మూడుసార్లు. మళ్లీ రెండు. ఎంత నిదానంగానో. ఒకటి... రెండు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అప్పుడే అరిచి ఉండాల్సింది. జవాబు వస్తోంది కదా, మనిషి బాగానే ఉన్నాడు కదా, అరిస్తే బొమ్మ పోతుంది కదా అనుకున్నాను. సైగను నమ్మాను. పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాను.

సరే, మనిషి ఎట్లున్నాడో చూద్దామని కెమెరాకు కన్ను ఆనించాను. కొత్త కెమెరా, చీకటిని కూడా కాస్త వెలుగు చేసి చూపిస్తుంది.

చంద్రుడు వచ్చేశాడు.

ఎర్రగా. ఫ్రేము నిండా. ఇంత పెద్ద గుండ్రం... దాని నడి మధ్యలో దానప్ప, నల్లగా, వీపు నావైపు, చేతులు మోకాళ్ల మీద. ఆయన ఏది అడిగాడో అదే. నా ఒళ్లు పులకరించింది. ఏమీ ఆలోచించకుండా నొక్కేశాను. టక్... టక్... టక్.

మూడు నొక్కాక చూశాను, ఆయన పిక్కల దాకానే ఉన్నాడు. కింద పాదాలు లేవు. నీళ్లున్నాయి.

అప్పుడు చంద్రుడు ఆరిపోయాడు.

మళ్లీ వెలిగాడు. ఆరిపోయాడు.

రెండుసార్లు.

చంద్రుడు ఎక్కడైనా ఆరి వెలుగుతాడా? కన్ను అట్లాగే ఆనించి ఉంచాను. అది మళ్లీ వెలిగి, ఈసారి అట్లాగే నిలిచింది. అది ఫోకస్ తప్పిన దీపం. సీరియల్ బల్బుల్లాంటిదే. దానప్ప స్పష్టంగా ఉన్నాడు, దీపం ఫ్రేమంత ఉబ్బి ఉంది. అంటే దీపం దానప్ప దగ్గర లేదు.

మరి ఎక్కడుంది?

చేయి దానంతటదే రింగు మీదికి పోయింది. అలవాటు. దగ్గరి వైపు తిప్పాను. దానప్ప మసకబారాడు... గుండ్రం కొంచెం చిన్నదైంది. ఇంకా తిప్పాను. దానప్ప మాయమయ్యాడు. గుండ్రం ఇంకా చిన్నదైంది. వంద మీటర్లు. యాభై. ఇరవై. తిప్పుతున్నాను, తగ్గుతోంది. చుక్క కావాలి, ఎక్కడో ఒకచోట చుక్క కావాలి కదా... పది. ఆరు.

టక్.

రింగు ఆగింది.

గుండ్రం ఇంకా గుండ్రంగానే ఉంది.

నాలుగున్నర మీటర్లకంటె దగ్గర. నా ఎదురుగా, నీళ్ల మీద, నాలుగడుగులు వేస్తే చేతికి అందేంత దూరంలో.

కన్ను తీసి చూశాను. చీకటి. నల్లటి నీళ్లు. ఏమీ లేదు.

మళ్లీ కన్ను పెట్టాను. ఉంది. ఎర్రగా, కదలకుండా.

నేను దాని వైపు చూస్తున్న సంగతి దానికి తెలుసనిపించింది. ఎందుకనిపించిందో చెప్పలేను. అప్పుడు నాకు వచ్చిన భయం మాటల్లో పెట్టేది కాదు. పరుగెత్తి రోడ్డెక్కుదామనిపించింది, దాచుకోను. బండి తాళాలు చేతిలోకి కూడా వచ్చాయి.

కానీ ఆ ముసలోడు అక్కడ ఉన్నాడే.

"దానప్పా..." అని అరిచాను. గొంతు చీలిపోయేలా అరిచాను. అరిచి ఒడ్డెంబడి పరుగు తీశాను. ఎదురుగా ఆ నీళ్లవైపు మాత్రం చూడలేదు.

నేను చేరేసరికి ఆయన రాయి దిగి నిలబడి, అయోమయంగా కిందికి చూస్తున్నాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి.

"ఏందప్పా ఇది, ఇంత నీళ్లు ఎప్పుడొచ్చె?" అన్నాడు, నిద్రలోంచి లేచినవాడిలా.

"మాట్లాడొద్దు. ఆడే నిలబడు, నేను వస్తాండా," అన్నాను.

దిగాను. నడుము దాకా వచ్చింది. ముప్పై అడుగులే, కానీ పాదం ఎక్కడ ఆనుతోందో ఆయనకు తెలియదు. నా బెల్టు ఆయన చేత పట్టించి, ఒక్కో అడుగూ నేను వేసి, "ఈడ పెట్టు, ఇంగ ఈడ పెట్టు" అంటూ తీసుకొచ్చాను. మధ్యలో ఒకసారి జారాడు. ఇద్దరం మునిగి లేచాం. ఆయన ప్రభువును తలుచుకుంటున్నాడు, నేను మారెమ్మను తలుచుకుంటున్నాను. ఒడ్డు తగిలేసరికి తూర్పున అసలు చంద్రుడు వచ్చాడు. పచ్చగా, ఒక పక్క అరిగి. గడియారం చూశాను. తొమ్మిదీ పావు.

కెమెరా దగ్గరికి వచ్చి కూలబడ్డాం. ఆయన మెల్లగా అన్నాడు.

"తప్పు నాదేలే. ఫోనుతో పాటు నా టార్చి కూడా నీ సంచిలోనే యేసేసినా. రాయెక్కినంక గుర్తొచ్చె. మల్ల నీళ్లు దాటి రానీకె బేజారై సుమ్నే కూచున్న్యా. ఎనక్కి తిరిగి నీ దీపం ఒకసారి చూసినా, టార్చి లేక జవాబు ఎట్లిస్తా?"

సంచి జిప్పు తీశాను. ఉంది. ఆయన ఫోను, దాని కింద ఎర్ర టార్చి.

ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఎండాకాలం, సంచి పగలంతా కాగింది, అందుకే అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. కానీ ఫోను చల్లగా ఉంది.

ఇక ఆయన అడిగిన మాట వినండి. అది ఆ రాత్రి అన్నిటికంటె గట్టిగా తగిలిన దెబ్బ.

"ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నా దగ్గర్నుంచి ఒక్క జవాబూ రాకపోతే, అంతసేపు ఎట్ల కూచుంటివి మారెప్పా? నేను పోయినానేమో అని నీకు అనిపించలేదా?"

ఏం చెప్పను? జవాబు వచ్చింది దానప్పా, నాలుగుసార్లు వచ్చింది, నీలాగే "ఇంకొంచెం సేపు" అన్నది అని చెప్పనా? చెప్తే ఆయన మళ్లీ ఏటి మొహం చూడడు. చెప్పకపోతే నేను నిర్లక్ష్యం చేసినవాణ్ణి. బొమ్మ మీద ధ్యాసలో పడ్డానని అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "అయ్తు, పోనీలే," అన్నాడు. ఆ "పోనీలే"లో ఉన్న నొప్పి నాకు తెలుసు.

ఆయన వంగి ప్యాంటు పిండుకుంటున్నప్పుడు ఏటివైపు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. రాయి మునిగిపోయింది. అది ఉండాల్సిన చోట, నీళ్ల మీద, ఉత్త కంటికే కనపడింది. ఎర్రగా. ఒకటి... రెండు.

స్టాండు మడవలేదు, అట్లాగే భుజాన వేసుకొని వచ్చేశాను.

తర్వాత అన్నీ ఆలోచించాను, నేనేం మూఢుణ్ణి కాదు. లెన్సు ముందు పెట్టే రక్షణ అద్దంలో నా టార్చే మెరిసిందేమో అనుకొని ఇంట్లో లైట్లార్పి వారం రోజులు పరీక్ష చేశాను. మెరుస్తుంది, కానీ నేను వెలిగించినప్పుడే మెరుస్తుంది. అప్పుడు నా టార్చి జేబులో ఉంది. సంచిలోని టార్చి మీట నొక్కుకొని వెలిగిందేమో అనుకున్నాను. సంచి లెన్సుకు కింద ఉంది, ముందు కాదు. పైగా రెండేసి సార్లు లెక్కగా ఎట్లా వెలుగుతుంది? చేపలు పట్టేవాడెవడైనా ఆటపట్టించాడా? మెడలోతు నీళ్లలో నిలబడి, కంటికి కనపడకుండా?

ఇంకొకటి. అది దానప్పను అక్కడే ముంచాలనుకుంటే, లెన్సులో నాకెందుకు కనపడింది? అది కనపడకపోతే నేను ఇంకా ఆ జవాబులే నమ్ముతూ నిలబడి ఉండేవాణ్ణి. ఆయన్ని ఆపిందా, నన్ను లేపిందా... నాకు ఇప్పటికీ తెలియదు. రోజుకో రకంగా అనిపిస్తుంది.

ఆ మూడు బొమ్మలు? ఉన్నాయి. కార్డు దానప్పదే కదా, ఆయనే చూసుకున్నాడు. చూసి ఏడ్చాడు. నా మీదున్న కోపమంతా ఆ దెబ్బతో పోయింది. "ఇదప్పా బొమ్మంటే," అని నన్ను పట్టుకున్నాడు. ఇంత పెద్దది వేయించి దోణిమలైలో ఇంటి హాలు గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లంతా చంద్రుడు ఎంత ఎర్రగా ఉన్నాడో అంటారు. నీళ్లలో కాళ్లు పెట్టుకొని ఎంత హాయిగా కూర్చున్నావో అంటారు. ఆయన మురిసిపోతాడు.

ఫైలులో టైముంటుంది. ఎనిమిదీ నలభై ఎనిమిది. చంద్రుడు రావడానికి ఇరవై రెండు నిమిషాల ముందు. ఆ టైము దానప్ప ఎప్పుడూ చూడలేదు. నేను ఆ ఇంటికి వెళ్తే ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.

మొన్న కంప్లి బస్టాండులో కనిపించాడు. ఆయన బస్సు కిటికీలో, నేను కింద. బస్సు కదులుతుంటే తల బయట పెట్టి అరిచాడు.

"మారెప్పా, ఏట్లో నీళ్లు తగ్గినాయంట. ఈసారి రాయి మింద నువ్వు కూచో, నీ బొమ్మ నేను తీస్తా. ఎప్పుడు పోదాం?"

హారన్ల మోతలో నా మాట వినపడదని చేయెత్తాను. ఇప్పుడు కాదు, ఆగుదాం అని చెప్పాలనుకున్నాను. నాకు తెలియకుండానే రెండు వేళ్లు లేచాయి. ఇంకొంచెం సేపు.

ఆయనకు అర్థమైంది. నవ్వి, తనూ రెండు వేళ్లు చూపించాడు. బస్సు వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ చేయి దించి, దాన్ని చూసుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.